మొలవని పండ్ల గింజకు ఏ మందు?

గింజ మొలవట్లేదని వచ్చేవాళ్లు నేరుగా మందు పేరు అడుగుతారు. నేను మాత్రం గింజను ఒక రాత్రి నీళ్లలో వేసి చూడమంటాను. ఉబ్బకపోతే పెంకు నీటిని ఆపుతోంది. ఉబ్బినా రోజుల తరబడి మొలవకపోతే అడ్డంకి లోపలుంది. మామిడి, పనస, నేరేడుకు ఈ గొడవే లేదు. పండు తిన్నాక ఆరనివ్వకుండా నాటేయండి.

లోపలి అడ్డంకికి జిబ్బరెల్లిక్ ఆమ్లం, అంటే మొలకను లేపే మొక్కల హార్మోన్ వాడతాను. బొప్పాయికి 200 పీపీఎం, అంటే లీటరు నీటికి 200 మిల్లీగ్రాములు. సీతాఫలానికి 500 దాకా పోవచ్చు. పొడి నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ముందు కొద్దిగా ఆల్కహాల్‌లో కరిగించి, తర్వాత నీళ్లు కలపాలి. ఆకుల మీద చల్లే సీసాలు కొంటే శాతం చదవండి. 0.001 శాతం అంటే 10 పీపీఎమే, గింజకు అది చాలదు. బొప్పాయి గింజ చుట్టూ ఉండే జిగురు పొరను ఇసుకతో రుద్ది కడిగేయాలి, మొలకను ఆపే పదార్థాలు దాన్లోనే ఉంటాయి. ఆ తర్వాత జిబ్బరెల్లిక్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే విత్తేయండి. ద్రావణం ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోండి. మోతాదు మించితే నారు సన్నగా సాగి పడిపోతుంది.

ఆపిల్, పీచ్ గింజలకు చలే అసలు మందు. తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో, 4–5 డిగ్రీల దగ్గర ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు.

ఇక గట్టి పెంకులకు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. రేగు టెంకలకు ఐదారు నిమిషాలు చాలంటారు. నాకైతే సుత్తితో టెంక పగలగొట్టి పప్పు తీసి నాటడమే ఇష్టం, వారంలో మొలకొస్తుంది. వందల కొద్దీ టెంకలుంటేనే ఆమ్లం జోలికి వెళ్లండి. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, ఆమ్లానికి తట్టుకునే చేతి తొడుగులు, గాజు పాత్ర, ఆరుబయట చోటు తప్పనిసరి. టెంకలు పూర్తిగా పొడిగా ఉండాలి, తడి తగిలితే ఆమ్లం భగ్గున వేడెక్కి చిమ్ముతుంది. ముందు నాలుగైదు టెంకలతోనే చూడండి. సమయం కాగానే ఆమ్లాన్ని వేరే గాజు పాత్రలోకి వంపేసి, టెంకలను నిండు బకెట్ నీళ్లలో ఒక్కసారిగా వేయాలి. వాటి మీద నీళ్లు పోయకూడదు. తర్వాత పారే నీటిలో పది నిమిషాలు కడగండి. మిగిలిన ఆమ్లాన్ని ఎక్కువ నీళ్లలోకి కొద్దికొద్దిగా వదిలి, వంటసోడా వేస్తూ పోండి. నురగ రావడం ఆగాకే పారబోయాలి.