టీచరు బయటికి వెళ్లినా సాగే తరగతి

తరగతి గదిలో నాయకత్వమంటే గట్టి గొంతు అనుకునేవారు మన బళ్లలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. ఆ గొంతు ఎంతవరకు పనిచేస్తోందో తెలుసుకోవాలంటే, హెడ్‌మాస్టరు పిలిచారని మీరు పది నిమిషాలు బయటికి వెళ్లినప్పుడు వరండా చివర నిలబడి మీ తరగతిని ఒకసారి వినండి. 1930ల చివర్లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలో పదేళ్ల వయసు బాలుర బృందాలపై చేసిన ప్రయోగాలలో, పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే పని కుంటుపడింది. పిల్లలతో కలిసి నిర్ణయాలు తీసుకున్న నాయకుడు లేనప్పుడు మాత్రం పని చాలావరకు సాగింది. హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు ఈ రెండో రకం తరగతిని తయారుచేసుకోవడానికి చేయవలసిన పనులు పెద్దవేమీ కావు గాని, వాటిని జూన్‌లోనే మొదలుపెట్టాలి.

మొదటి వారంలో సిలబస్ కోసం తొందరపడకుండా పిల్లల పేర్లు నేర్చుకోండి. ఈ నగరంలో ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మాయి, ఉర్దూ మాట్లాడే అబ్బాయి, భవన నిర్మాణ పనులకు బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చోవడం మామూలే. వారి పేర్లను మన నాలుకకు అనువుగా విరిచి కాక, ఇంట్లో అమ్మ పిలిచినట్టు పలకండి. తెలుగు ఇంకా పట్టుబడని పిల్లవాడు మొదట తనకు వచ్చిన భాషలోనే జవాబు చెప్పినా అంగీకరించి, ఆ తరువాత అదే జవాబును తెలుగులోనో ఇంగ్లీషులోనో అతని చేత చెప్పించండి.

నియమాలు మూడు నాలుగు చాలు. వాటిని పిల్లల చేతనే చెప్పించి, ప్రతి నియమం ఎందుకో కూడా వారి చేతనే రాయించి గోడకు అంటించండి.

ఇక క్లాస్ లీడరు సంగతి. టీచరు లేనప్పుడు మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాయించే అలవాటు మనకు తరతరాలుగా వస్తున్నది. నేనూ కొన్నేళ్లు రాయించాను. లీడరు స్నేహితుల పేర్లు ఎన్నడూ బోర్డెక్కవనీ, లీడరుకు పడనివారి పేర్ల పక్కన మాత్రం ఇంటూ గుర్తులు పెరుగుతూ పోతాయనీ గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. పిల్లలు దాని వల్ల నేర్చుకునేది క్రమశిక్షణ కాదు, చాడీలు చెప్పడం. దానికి బదులు పనులను పంచండి: నోటుపుస్తకాలు సేకరించడం, రాని పిల్లలకు ఆనాటి పాఠం చెప్పడం, లెక్క అర్థం కానివారి పక్కన కూర్చోవడం వంటి బాధ్యతలను రెండు వారాలకొకసారి మార్చుతూ, వెనుక బెంచీవారితో సహా అందరికీ ఇవ్వండి. అల్లరివాడనుకున్న పిల్లవాడికి పని అప్పగించినప్పుడు మొదటి రెండు రోజులు అతడు దాన్ని పాడుచేయవచ్చు, కాని వెంటనే వెనక్కి తీసుకోకండి.

ప్రశ్న అడిగాక ఆగడం అన్నిటికంటే కష్టం. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు, ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా వస్తాయనీ, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారనీ గమనించారు. ముందు వరుసలో లేచిన చేతిని చూడగానే పేరు పిలవకుండా మనసులో మూడు వరకు లెక్కపెట్టండి.

తప్పు చేసిన పిల్లవాడిని అందరి ముందు నిలబెట్టకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెంచీ పక్కకు వెళ్లి తగ్గు స్వరంతో చెప్పిన మాటను పిల్లవాడు వింటాడు. బోర్డు దగ్గర నుంచి అరిచిన మాటను తరగతి వినోదంగా చూస్తుంది. లెక్కలో మీరే పొరపాటు చేసినప్పుడు దాన్ని ఎత్తిచూపిన పిల్లకు అందరి ముందే ధన్యవాదాలు చెప్పండి.

దసరా సెలవుల తరువాత ఒకసారి పరీక్షించుకోండి. బోర్డు మీద పని రాసి, ఎవరి చేతా పేర్లు రాయించకుండా, పది నిమిషాలు బయటికి వెళ్లండి. తిరిగి వచ్చాక ఎవరు మాట్లాడారని కాకుండా, ఎక్కడ ఆగిపోయారని అడగండి.