ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు టికెట్టు కొనే పద్ధతి

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇంగ్లండ్‌కు వచ్చిన తెలుగువారిలో చాలామందికి, ఇన్నేళ్ళుగా ఇంట్లో టీవీలో చూసిన జట్టును ఒక్కసారైనా మైదానంలో కూర్చుని చూడాలన్న కోరిక ఉంటుంది. అది తీరని కోరికేమీ కాదు. అయితే అక్కడ టికెట్ల అమ్మకం మనకు అలవాటైన తీరులో సాగదు. ఉప్పల్‌లో జరిగే ఐపీఎల్ మ్యాచ్‌కైతే ఫలానా రోజున ఆన్‌లైన్ అమ్మకం మొదలవుతుంది, ముందు చేరినవారికి టికెట్టు దొరుకుతుంది. ప్రీమియర్ లీగ్‌లో ఆ రోజు రాకముందే చాలా టికెట్లు ఎవరికి చేరాలో నిర్ణయమైపోయి ఉంటుంది. ఈ సంగతి తెలియక చివరి వారంలో వెతుకులాట మొదలుపెట్టినవారే దళారుల చేతికి చిక్కుతారు. కాబట్టి టికెట్టు ఏయే చేతులు దాటి మనదాకా వస్తుందో ముందు తెలుసుకోవాలి.

లీగ్‌లో 20 క్లబ్బులు ఉంటాయి. ఒక్కో క్లబ్ సీజన్‌లో 38 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో 19 సొంత మైదానంలో జరుగుతాయి. టికెట్లు అమ్మేది లీగ్ కాదు, ఆ రోజు ఆతిథ్యమిచ్చే క్లబ్. మైదానంలోని సీట్లలో అధిక భాగం సీజన్ టికెట్టు ఉన్నవారివి. వారు ఆ 19 మ్యాచ్‌లకూ ఒకేసారి డబ్బు కట్టి, ఏటా అదే సీటులో కూర్చుంటారు. పెద్ద క్లబ్బులలో సీజన్ టికెట్టు కోసం వేచి ఉండేవారి వరుస ఏళ్ళ తరబడి కదలదు. కొన్ని సీట్లు అవతలి జట్టు అభిమానులకు, మరికొన్ని విందుతో కూడిన ఖరీదైన హాస్పిటాలిటీ ప్యాకేజీలకు పోతాయి. ఆ మిగిలినవి క్లబ్ సభ్యులకు దక్కుతాయి. సభ్యులు కూడా కొనగా మిగిలితేనే అందరికీ అమ్ముతారు. ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ వంటి క్లబ్బుల లీగ్ మ్యాచ్‌లకు ఆ చివరి మెట్టు దాదాపుగా రాదనే అనుకోవాలి. ఆర్సెనల్ మైదానమైన ఎమిరేట్స్ స్టేడియంలో 60 వేల పైచిలుకు, యునైటెడ్ మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 74 వేల దాకా సీట్లున్నా పరిస్థితి ఇదే.

అందుచేత మొదటి పని సభ్యత్వం తీసుకోవడం. క్లబ్ అధికారిక వెబ్‌సైట్‌లో పెద్దల సభ్యత్వానికి చాలా క్లబ్బులలో ఏడాదికి 30, 40 పౌండ్ల ప్రాంతంలో ఖర్చవుతుంది, పిల్లలకు తక్కువ. సభ్యత్వం టికెట్టు కాదు, టికెట్టు కొనడానికి వరుసలో నిలబడే హక్కు మాత్రమే. ఇది ఒక వ్యక్తికి ఒకటే కనుక, నలుగురు కలిసి వెళ్ళాలంటే నలుగురూ సభ్యులు కావలసిందే. ఆ నలుగురి ఖాతాలనూ వెబ్‌సైట్‌లో ముందుగానే ఒకదానితో ఒకటి జతచేసుకుంటే ఒకరే అందరికీ పక్కపక్కన సీట్లు కొనవచ్చు. అమ్మకం నాడు ఈ జతచేసే పని మొదలుపెడితే సమయం చాలదు. సభ్యత్వం సీజన్‌తోపాటే ముగుస్తుంది. మ్యాచ్‌ల పట్టిక సాధారణంగా జూన్‌లో వెలువడుతుంది, ఆటలు ఆగస్టులో మొదలై మే దాకా సాగుతాయి. సభ్యత్వాన్ని వేసవిలోనే తీసుకుంటే మొత్తం సీజన్ మన ముందుంటుంది. ఫిబ్రవరిలో తీసుకున్నా చాలా క్లబ్బులలో రుసుము తగ్గదు.

సభ్యులకు అమ్మే పద్ధతి క్లబ్‌ను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల నిర్ణీత సమయానికి అమ్మకం తెరుస్తారు. ఆన్‌లైన్ వరుసలో మన స్థానం వచ్చేదాకా ఆ పేజీని మూయకుండా కూర్చోవాలి. డిమాండు ఎక్కువ ఉన్న క్లబ్బులు లాటరీ వైపు మళ్ళాయి. ఆర్సెనల్ 2023-24 సీజన్ నుంచి సభ్యులకు లాటరీ పెట్టింది. లాటరీలో తొందరపాటుకు విలువ లేదు. గడువు ముగిసేలోగా ఎప్పుడు నమోదైనా అవకాశం సమానమే, కాబట్టి వెళ్ళగలిగిన ప్రతి మ్యాచ్‌కూ పేరు ఇవ్వడమే సరైన పద్ధతి. ఒకే మ్యాచ్ మీద ఆశ పెట్టుకోవద్దు. అయితే పేరు వస్తే ఖాతాలోని కార్డు నుంచి డబ్బు తనంతట తానే కోసుకునే క్లబ్బులు ఉన్నాయి కనుక, నిజంగా వెళ్ళలేని తేదీలకు మాత్రం నమోదు చేయకండి.

లాటరీలో పేరు రాలేదని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నా అభిప్రాయంలో అసలు అవకాశం అక్కడే మొదలవుతుంది. సీజన్ టికెట్టు ఉన్నవారు అన్ని మ్యాచ్‌లకూ రాలేరు. పెళ్ళిళ్ళుంటాయి, జబ్బులుంటాయి, ప్రయాణాలుంటాయి. అటువంటివారు తమ సీటును క్లబ్ వెబ్‌సైట్‌లోనే తిరిగి అమ్మకానికి పెట్టే ఏర్పాటు ఉంది. దీనిని చాలా క్లబ్బులు టికెట్ ఎక్స్ఛేంజ్ అంటాయి. ఇక్కడ ధరను క్లబ్బే నిర్ణయిస్తుంది కనుక దళారీ లాభం ఉండదు, కొన్న టికెట్టు మన పేరునే జారీ అవుతుంది. సీట్లు ఒకటీ రెండుగా వస్తూ, కనిపించిన క్షణాల్లోనే పోతూ ఉంటాయి. మ్యాచ్‌కు రెండు మూడు రోజుల ముందు, చివరి రోజు ఉదయం కూడా, రాలేమని తేల్చుకున్నవారి సీట్లు ఎక్కువగా వస్తాయి. ఒక్కరే వెళ్ళేవారికి ఇది చాలా అనుకూలం. ఇద్దరు ముగ్గురు ఉంటే విడివిడిగా కూర్చోవడానికి సిద్ధపడాలి. తొంభై నిమిషాల పాటు ఎలాగూ అందరి కళ్ళూ మైదానం మీదే ఉంటాయి కనుక ఆ మాత్రం సర్దుబాటుకు వెనకాడవలసిన పని లేదు.

దళారుల సంగతి

ఈ విషయంలో చట్టం ఏం చెబుతోందో ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట కారణంగా 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనపై న్యాయమూర్తి టేలర్ జరిపిన విచారణ నివేదిక మైదానాల భద్రతనంతటినీ పరిశీలించి, రెండు జట్ల అభిమానులను వేరుగా కూర్చోబెట్టే ఏర్పాటును టికెట్ దళారులు దెబ్బతీస్తున్నారని కూడా గుర్తించింది. క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ యాక్ట్, 1994లోని 166వ సెక్షన్ ప్రకారం, క్లబ్ లేదా నిర్వాహకుల అనుమతి లేకుండా ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్టును అమ్మడం నేరం. ఎక్కువ ధరకు అమ్మితేనే నేరమని అనుకోకూడదు. కొన్న ధరకే అమ్మినా, అనుమతి లేకపోతే అది నేరమే. వీసా మీద ఉన్న విద్యార్థి తనకు వీలుకాని టికెట్టును వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పెట్టడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించవచ్చు, ఎందుకంటే నేర చరిత్ర గురించి ప్రతి వీసా దరఖాస్తులోనూ అడుగుతారు.

కొనేవారికి శిక్ష లేకపోయినా నష్టం తప్పదు. అనుమతి లేని వెబ్‌సైట్లలో అసలు ధరకు మూడు నాలుగు రెట్లు చెల్లించి కొన్న టికెట్టు చాలాసార్లు వేరొకరి సభ్యత్వ ఖాతాకు చెందినదై ఉంటుంది. క్లబ్ దానిని కనిపెట్టి రద్దు చేస్తే గేటు దగ్గర నిలబడి చేయగలిగిందేమీ ఉండదు. సామాజిక మాధ్యమాల గ్రూపులలో టికెట్టు స్క్రీన్‌షాట్ పంపి డబ్బు అడిగేవారిని అసలు నమ్మవద్దు. ఇప్పుడు చాలా మైదానాలలో టికెట్టు ఫోన్‌లోని వాలెట్‌లో ఉండి, గేటు దగ్గరి యంత్రానికి ఫోన్ తాకిస్తే పనిచేస్తుంది. స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు. అనుమతి లేని వెబ్‌సైట్ల పేర్లను ప్రీమియర్ లీగ్ తన సొంత వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. డబ్బు చెల్లించే ముందు ఆ జాబితాను ఒకసారి చూడడం మేలు. సభ్యత్వం లేకుండా, లాటరీ లేకుండా, కచ్చితంగా సీటు కావాలంటే క్లబ్ నేరుగా అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీ ఒక్కటే నమ్మదగిన దారి. దాని ధర మామూలు టికెట్టుకు ఎన్నో రెట్లు ఉంటుంది. దళారికి ఇచ్చే డబ్బు ఆ ధరకు దగ్గరగా వస్తున్నదంటే క్లబ్‌కే ఇవ్వడం వివేకం.

ఏ మ్యాచ్‌కు ప్రయత్నించాలి

కొత్తగా వచ్చినవారు పట్టుబట్టేది ఆర్సెనల్, టాటెన్‌హామ్ తలపడే ఉత్తర లండన్ డెర్బీ కోసం, లివర్‌పూల్, యునైటెడ్ జట్ల పోరు కోసం. వాటికి ఇరవై ముప్పై ఏళ్ళుగా వస్తున్న సభ్యులు కూడా పోటీ పడతారు. చాలా క్లబ్బులు ప్రత్యర్థిని బట్టి మ్యాచ్‌లను తరగతులుగా విడదీసి ధరలు పెడతాయి. పెద్ద ప్రత్యర్థి వచ్చే మ్యాచ్‌కు ధర ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. ఇష్టమైన జట్టును చూడడమే ముఖ్యమైతే, కొత్తగా పై లీగ్‌లోకి వచ్చిన జట్టుతో వారం మధ్యలో రాత్రివేళ జరిగే మ్యాచ్‌కు ప్రయత్నించండి. లీగ్‌కు వేరుగా జరిగే నాకౌట్ పోటీలైన లీగ్ కప్, ఎఫ్ఏ కప్‌లలో ఈ జట్లు ఆడే తొలి రౌండ్లకు టికెట్లు ఇంకా చవకగా, ఇంకా సులువుగా దొరుకుతాయి. సీజన్ టికెట్టులో ఆ మ్యాచ్‌లు చాలాచోట్ల కలిసి ఉండవు, కాబట్టి ఆ సీట్లు కూడా అమ్మకానికి వస్తాయి.

చిన్న క్లబ్ అయితే సులువనుకోవడం పొరపాటు. బోర్న్‌మత్ మైదానంలో ఉన్నవి 11 వేల పైచిలుకు సీట్లు మాత్రమే. హౌన్స్‌లోలో ఉండే మనవారికి దగ్గరైన బ్రెంట్‌ఫర్డ్‌లో 17 వేల పైచిలుకు. ఈస్ట్ హామ్‌లో ఉండేవారికి దగ్గరలో, స్ట్రాట్‌ఫర్డ్‌లోని లండన్ స్టేడియంలో ఆడే వెస్ట్ హామ్‌కు మైదానం చాలా పెద్దది కనుక అక్కడ అవకాశం మెరుగు. ఇంకో మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మొదటి మ్యాచ్ ప్రీమియర్ లీగ్‌దే కావాలన్న నియమం పెట్టుకోకండి. దాని కింది మెట్టు చాంపియన్‌షిప్. 24 క్లబ్బులున్న ఆ లీగ్‌లో ఎన్నో మ్యాచ్‌లకు సభ్యత్వం లేకుండానే నేరుగా టికెట్టు కొనవచ్చు. అక్కడి జనం తమ ఊరి జట్టు మీద పెట్టుకున్న మమకారం పెద్ద క్లబ్బుల అభిమానానికి ఏమాత్రం తీసిపోదు. మహిళల సూపర్ లీగ్ మ్యాచ్‌లకు ధరలు ఇంకా తక్కువ. 2025లో యూరప్ చాంపియన్లుగా నిలిచిన ఆర్సెనల్ మహిళల జట్టును అదే ఎమిరేట్స్ స్టేడియంలో, పిల్లాపాపలతో కలిసి, ఎటువంటి లాటరీ లేకుండా చూడవచ్చు.

అవతలి జట్టు అభిమానుల భాగంలో టికెట్టు ధర 2016-17 సీజన్ నుంచి 30 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉంది. అది చూసి ఆశపడవద్దు. ఆ టికెట్లు ఏళ్ళ తరబడి జట్టు వెంట ఊరూరా తిరిగినవారికే ముందు దక్కుతాయి.

తల్లిదండ్రులను తీసుకువెళ్ళేటట్లయితే సీటు ఎంపికలో జాగ్రత్త పడాలి. గోలు వెనుక భాగంలో పాటలు పాడుతూ ఆట సాగినంతసేపూ నిలబడే ఉంటారు. పెద్దవారికి ఆట కనిపించదు. పక్కవైపు స్టాండ్లలో గానీ, కుటుంబాలకు కేటాయించిన భాగంలో గానీ తీసుకోండి. పాత మైదానాలలో స్తంభాల వెనుక సీట్లు ఉంటాయి, కొనేటప్పుడు చూపుకు అడ్డు ఉందని రాసివుందేమో చూసుకోండి. అరవై అయిదేళ్ళు దాటినవారికీ పిల్లలకూ చాలా క్లబ్బులలో తగ్గింపు ఉంటుంది. తల్లిదండ్రులు సాధారణంగా ఎండాకాలంలో వస్తారు, కానీ జూన్, జూలై నెలల్లో లీగ్ మ్యాచ్‌లే ఉండవు. వారికి ఆట చూపించాలనుకుంటే ప్రయాణాన్ని ఏప్రిల్‌కో సెప్టెంబరుకో పెట్టించాలి.

తేదీ విషయంలో మరొక చిక్కు ఉంది. జూన్‌లో ప్రకటించిన పట్టికలో శనివారం మధ్యాహ్నం మూడు గంటలని ఉన్న మ్యాచ్ టీవీ ప్రసారం కోసం శుక్రవారం రాత్రికో, ఆదివారానికో, సోమవారానికో మారవచ్చు. మార్పు మ్యాచ్‌కు కొన్ని వారాల ముందుగానీ తెలియదు. కొన్న టికెట్టు కొత్త తేదీకి చెల్లుతుంది గానీ, ముందే కొన్న చవక రైలు టికెట్టుకూ హోటల్ గదికీ డబ్బు తిరిగి రాకపోవచ్చు. టీవీ ఎంపికలు ప్రకటించాకే ప్రయాణం ఖాయం చేసుకోండి. శనివారం మూడింటికే మిగిలిన మ్యాచ్‌లను బ్రిటన్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపరు, హైదరాబాద్‌లో మాత్రం చూపుతారు. ఇంగ్లండ్‌లో ఉన్నవారు వాటిని చూడాలంటే మైదానానికి వెళ్ళవలసిందే.

భారత్ నుంచి కొనేవారు గడియారాన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ ఉదయం పది గంటలకు అమ్మకం మొదలైతే మనకు వేసవిలో మధ్యాహ్నం రెండున్నర, అక్టోబరు చివరి నుంచి మార్చి చివరి దాకా మూడున్నర. మన బ్యాంకు కార్డులో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపు ముందునుంచే తెరిచి ఉండకపోవచ్చు. బ్యాంకు యాప్‌లో దానిని తెరిచి, పరిమితి పెంచి ఉంచుకోండి. సీటు మన బుట్టలో కొద్ది నిమిషాలే ఉంటుంది, ఓటీపీ వచ్చేలోగా అది చేజారిపోవచ్చు. క్లబ్ ఖాతాలో మన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

మ్యాచ్ నాడు ఫోన్ నిండా చార్జింగు ఉంచుకుని, టికెట్టును ఇంటి దగ్గరే వాలెట్‌లోకి దించుకోండి, ఎందుకంటే వేల మంది ఒకచోట చేరినప్పుడు గేటు దగ్గర నెట్‌వర్క్ సరిగా అందదు. చాలా మైదానాలలో ఏ4 కాగితం కన్నా పెద్ద సంచిని లోపలికి రానివ్వరు. ఆతిథ్య జట్టు అభిమానుల మధ్య సీటు తీసుకుని అవతలి జట్టు చొక్కా వేసుకున్నా, వారి గోలుకు కేరింతలు కొట్టినా సిబ్బంది బయటికి పంపిస్తారు. చివరి నిమిషంలో వెళ్ళడం కుదరకపోతే, క్లబ్ పెట్టిన గడువులోగా టికెట్టును అదే ఎక్స్ఛేంజ్‌లో తిరిగి పెట్టండి. కొనేవారు దొరికితే మీ డబ్బు మీకు వస్తుంది, ఎక్కడో ఫోన్ చేతపట్టుకుని పేజీని మళ్ళీమళ్ళీ తెరుస్తున్న మరొకరికి సీటు దొరుకుతుంది.