గిటారు పాఠాలు – 9: నడిమివేలు మూడో తీగను వదలకూడదు

ఈసారి బాస్ నడక, అంటే అడుగు స్వరం మెట్టు మెట్టుగా కదలడం, మొదలుపెట్టాలనుకున్నాను. మీరు పంపిన రికార్డింగులు విన్నాక దాన్ని చివరికి నెట్టేశాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడి నుంచి వచ్చిన రికార్డింగు విన్నా ఒకటే జబ్బు. సి కార్డుకు (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) మూడు ఆకారాలు, ఎఫ్‌కు మూడు, జికి మూడు చక్కగా కంఠస్థం చేశారు. పాట మొదలయ్యేసరికి ఐదో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీతల మధ్య గడి) నుంచి తొమ్మిదికి, అక్కడి నుంచి రెండుకు గెంతారు. ఆకారాల్లో ఒక్క తప్పూ లేదు. వింటే మాత్రం పాటలో ప్రతి మాటకూ పాత గాయకులను పంపేసి కొత్తవాళ్లను నిలబెట్టినట్టుంది.

"మాస్టారూ, మూడూ సి కార్డే కదా, ఏది పట్టుకుంటే ఏమిటి?" అని ఒకరు రాశారు. సి ఒక్కటే వాయించి గిటారు పక్కన పెట్టేస్తే ఏదైనా ఒకటే. దాని ముందు ఒక కార్డు, వెనుక ఒక కార్డు ఉన్నప్పుడే ఎంపిక మొదలవుతుంది. ముందు కార్డులోని ఒక్కొక్క స్వరం తరవాతి కార్డులో తనకు అందుబాటులో ఉన్న స్వరానికి వెళ్లాలి. రెండు కార్డుల్లోనూ ఉన్న స్వరం కదలకూడదు. వాయిస్ లీడింగ్ అంటే ప్రస్తుతానికి ఇంతే.

సిని షడ్జమంగా పెట్టుకోండి. సి కార్డు స గ ప, ఏ మైనర్ ద స గ, ఎఫ్ మ ద స, జి ప ని రి. హార్మోనియం మీద చెయ్యి తిరిగినవాళ్లకు మిగతాది ఇప్పటికే తట్టి ఉంటుంది. సి నుంచి ఏ మైనర్‌కు వెళ్లేటప్పుడు స, గ రెండూ ఉన్నచోటే ఉంటాయి, ప ఒక్కటే దకు జరుగుతుంది. ఏ మైనర్ నుంచి ఎఫ్‌కు గ ఒక్కటే మకు జరుగుతుంది. ఇక గెంతాల్సిన అవసరమేముంది?

ఫ్రెట్లు ఇవి. వరుస ఎప్పుడూ మూడో తీగ, రెండో తీగ, ఒకటో తీగ (అన్నిటికంటే సన్ననిది).

సి: 5-5-3
ఏ మైనర్: 5-5-5
ఎఫ్: 5-6-5
జి: 4-3-3
మళ్లీ సి: 5-5-3

సికి నడిమివేలు మూడో తీగ మీద, ఉంగరపు వేలు రెండో తీగ మీద, చూపుడువేలు ఒకటో తీగ మీద. ఏ మైనర్‌కు చిటికెనవేలు ఒకటో తీగ ఐదో ఫ్రెట్ మీదకు వస్తుంది, మిగతావి కదలవు. ఎఫ్‌కు ఉంగరపు వేలిని ఒక్క ఫ్రెట్ ముందుకు జరపండి. కాస్త ఇరుకుగా ఉంటుంది, అలవాటవుతుంది. జికి నడిమివేలు ఒక ఫ్రెట్ వెనక్కి జారుతుంది, చూపుడువేలు మూడో ఫ్రెట్‌లో రెండు సన్నని తీగలనూ అడ్డంగా నొక్కుతుంది. తిరిగి సికి నడిమివేలు ముందుకు జారుతుంది, ఒకటో తీగ మీది చూపుడువేలు అక్కడే ఉంటుంది. మొత్తం చుట్టులో నడిమివేలు మూడో తీగను ఒక్కసారి కూడా వదలలేదు. మీది వదిలితే పట్టు మారిందని అర్థం, మొదటి నుంచి చూసుకోండి.

ఎఫ్ నుంచి జికి 7-8-7 పట్టుకున్నవాళ్లున్నారు. ఆకారం అదే, రెండు ఫ్రెట్లు ముందుకు జరిపితే చాలు, సులువే. కానీ కింద బాస్ కూడా మ నుంచి పకు ఎక్కుతోంది. అన్నీ కట్టకట్టుకుని ఒకే దిక్కుకు ఎక్కితే బాస్‌తో పంచమాలూ ఆక్టేవులూ వరుసగా పడతాయి. రాక్ పాటలో ఆ మోత కావాలనే తెస్తారు. నాలుగు గొంతుల కోయిర్ వెనుక వాయించేటప్పుడు అది పలచగా వినిపిస్తుంది. బాస్ ఎక్కుతుంటే పై స్వరాలు దిగడం, అంటే 4-3-3, నాకు ఇష్టం.

మూడో తీగ కీచుమంటోందని ఫిర్యాదు. అకూస్టిక్ గిటారు స్టీలు తీగల్లో మూడోది సాధారణంగా పైన సన్నని లోహపు తీగ చుట్టిన తీగ, వేలు జారితే కీచుమంటుంది. జారేముందు ఒత్తిడి సడలించండి, స్పర్శ వదలకండి. గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఇళ్లలో తీగకు తుప్పు త్వరగా పడుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడవండి, తుప్పు పట్టిన తీగ మీద ఈ పాఠం సాధన చేయకండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. "నేను రెండో ఇన్వర్షన్ వాయించాను" అని రాస్తారు, రికార్డింగులో పక్కనే కీబోర్డు వినిపిస్తుంటుంది. కార్డు పేరుగల స్వరం కాక అదే కార్డులోని మరో స్వరం అడుగున మోగడమే ఇన్వర్షన్. దాన్ని నిర్ణయించేది మీ మూడు తీగల్లో అడుగున ఉన్న స్వరం కాదు, ఆ క్షణంలో అందరి వాద్యాల్లో అన్నిటికంటే కింద మోగే స్వరం. మీరు 5-5-3 పట్టుకున్నారు, అడుగున స ఉంది. కీబోర్డు ఎడమచెయ్యి గ నొక్కితే వినేవారికి అది మొదటి ఇన్వర్షన్. ప నొక్కితే రెండోది. మీ వేళ్లు కదల్లేదు, ఇన్వర్షన్ మారింది. ఎదురు ఉదాహరణ: మీరు 0-1-0 (సున్నా అంటే ఖాళీ తీగ) పట్టుకున్నారు, అడుగున ప. బాస్ గిటారు స వాయిస్తే అది మామూలు సి కార్డు, ఇన్వర్షన్ కానే కాదు.

పక్కన ఎవరూ లేకపోతే బాధ్యతంతా మీదే, అప్పుడు ఆరో తీగ మోసం చేస్తుంది. మామూలు సి కార్డు పట్టుకుని ఆరు తీగలూ గీసేస్తారు. ఖాళీ ఆరో తీగ 'ఈ', అంటే గ. స అడుగున మోగాల్సిన చోట గ మోగింది, పాట చివర కూర్చోవాల్సిన కార్డు నిలబడే ఉంది. ఏ మైనర్‌లోనూ అదే 'ఈ' అడుగున చేరి రెండో ఇన్వర్షన్ చేస్తుంది. డి కార్డులో ఐదో తీగ మోగితే 'ఏ' అడుగుకు వస్తుంది, ఆరోది మోగితే కార్డులో లేని స్వరమే దూరుతుంది. జికి, ఈ మైనర్‌కు ఈ బాధ లేదు. మందు: సి పట్టినప్పుడు ఐదో తీగ నొక్కే వేలి కొస ఆరో తీగకు ఆని ఉండాలి. డికి, ఏ మైనర్‌కు మెడ పైనుంచి బొటనవేలు ఆనించండి. బొటనవేలు పైకి రాకూడదని నేర్పే గురువులున్నారు. నేను వినను.

అడుగు స్వరాన్ని తెలిసి మారిస్తే అందం. ఆరో తీగ నుంచి ఒకటో తీగకు చదవండి, ఎక్స్ అంటే మోగకూడదు, 'బై' తరవాతిది అడుగున మోగే స్వరం.

సి: ఎక్స్-3-2-0-1-0
జి బై బి: ఎక్స్-2-0-0-3-3
ఏ మైనర్: ఎక్స్-0-2-2-1-0
సి బై జి: 3-3-2-0-1-0
ఎఫ్: 1-3-3-2-1-1

అడుగున స ని ద ప మ మెట్టు మెట్టుగా దిగుతాయి. అలాగే జికీ ఈ మైనర్‌కూ మధ్య డి బై ఎఫ్ షార్ప్: 2-ఎక్స్-0-2-3-2. ఒకటో తీగలోనూ అదే ఎఫ్ షార్ప్ ఉంది, రెండుచోట్ల మోగితే గుచ్చుకుంటుంది. నేను ఒకటో తీగను వదిలేస్తాను.

సాధన. పై ఐదు కార్డుల చుట్టును, అంటే 5-5-3తో మొదలైనదాన్ని, జి, డి, ఏ శ్రుతుల్లోకి మీరే మార్చి కాగితం మీద రాయండి. కేపో (మెడకు బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) పెట్టకూడదు, ఆకారం మొత్తాన్ని అలాగే పైకి జరపకూడదు. ప్రతి శ్రుతిలోనూ మొదటి కార్డు నాలుగో ఫ్రెట్ దాటకూడదు, ఖాళీ తీగలు వాడుకోవచ్చు. ఆ తర్వాత గిటారు వాయిస్తూ రెండో తీగ స్వరాన్ని మాత్రమే నోటితో పాడండి: సి శ్రుతిలో గ గ మ రి గ. ఒకటో తీగ వైపు గొంతు లాక్కుపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. నాకు పంపే రికార్డింగులో గొంతు వినిపించాలి, కీబోర్డు ఉండకూడదు.