ఓటరు కార్డు ఉంది సరే, లిస్టులో పేరుందా?

ఓటరు కార్డు బీరువాలో భద్రంగా ఉంటే ఓటు కూడా భద్రంగా ఉన్నట్టే అనుకుంటాం. 2018 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల రోజున తెలంగాణలో ఎంతోమంది కార్డు చేతబట్టుకుని బూత్‌కు వెళ్లి, లిస్టులో పేరు లేదంటే ఉత్త చేతులతో తిరిగొచ్చారు. కార్డు మీరెవరో చెబుతుందంతే. ఓటు వేయనిచ్చేది మాత్రం ఓటర్ల జాబితాలో ఉన్న పేరే. అందుకే ఏ ఫారమైనా నింపేముందు జాబితాలో మీ పేరు వెతుక్కోండి.

ముందు పేరు వెతకండి

ఎన్నికల సంఘం పోర్టల్ వోటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్. అందులో ఎపిక్ నంబర్‌తో, పేరు వివరాలతో, లేదా లిస్టుకు లింకైన మొబైల్ నంబర్‌తో వెతకొచ్చు. ఎపిక్ నంబర్ అంటే కార్డు మీద మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలతో ఉండేది. దాంతో వెతకడమే తేలిక. పేరుతో వెతికితే స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరక్కపోవచ్చు. పేరు దొరికితే నియోజకవర్గం, పార్ట్ నంబర్ (జాబితాలో మీ బూత్ భాగం నంబర్), వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నెట్ వాడటం రానివాళ్లు 1950కి ఫోన్ చేసినా చెబుతారు.

జిల్లా పేరు దగ్గర మనవాళ్లకు తికమక మామూలే. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. నియోజకవర్గాలు మాత్రం పాతవే, జిల్లా గీతలతో వాటికి పని లేదు. కమలాపూర్ హనుమకొండ జిల్లా మండలమే అయినా అక్కడివాళ్ల ఓటు హుజూరాబాద్ నియోజకవర్గంలో ఉంటుంది. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వాళ్లది హుస్నాబాద్. కాబట్టి జిల్లా ఏదైనా, నియోజకవర్గం పేరు పట్టుకుని వెతకండి. కార్డు మీద ఆంధ్రప్రదేశ్ అనో పాత జిల్లా పేరో ఉందని మాత్రం టెన్షన్ పడక్కర్లేదు.

మొదటిసారి అయితే ఫారం 6

ఇంతకుముందు ఎక్కడా ఓటు లేనివాళ్లకే ఈ ఫారం. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండాలనేవారు, ఒక్క రోజు తేడాతో ఏడాది పోయేది. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలున్నాయి. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అర్హత తేదీ వచ్చాక పేరు ఎక్కుతుంది. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ పని ఇప్పుడే చేసిపెట్టొచ్చు.

కావాల్సినవి ఒక ఫొటో, వయసుకు ఒక కాగితం, చిరునామాకు ఒక కాగితం. వయసుకు పదో తరగతి మెమో, ఆధార్, పాన్ లాంటివి ఏదైనా చాలు. చిరునామాకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు, రిజిస్టరైన అద్దె ఒప్పందం వంటివి చెల్లుతాయి. కాగితమేదీ లేనివాళ్లకూ దారుంది. బీఎల్‌ఓ, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి, స్వయంగా వచ్చి చూసి రాస్తారు. ఇల్లే లేకుండా ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లయితే, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని రాత్రిపూట వచ్చి చూడాలన్నది ఎన్నికల సంఘం నియమమే.

ఫారం నింపేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, తెలుగు పేరు. మీరు ఇంగ్లిష్‌లో కొట్టిన పేరును పోర్టల్ తనంతట తానే తెలుగులోకి మారుస్తుంది. మన కొమురయ్యలు, సారయ్యలు, సమ్మక్కలు అందులో పడితే ఏమై తేలతారో చెప్పలేం. తెలుగు గడిలో పేరు సరిగా పడిందో లేదో చూసి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దండి. రెండోది, ఇంట్లోవాళ్ల ఎపిక్ నంబర్ అడిగే గడి. దాన్ని ఖాళీగా వదలొద్దు, అది ఇస్తే మీ పేరు వాళ్లున్న పార్ట్‌లోనే చేరే అవకాశం ఎక్కువ. లేదంటే అమ్మానాన్నలు ఒక బూత్‌లో, కొడుకు ఇంకో బూత్‌లో అవుతారు.

నెట్ సెంటర్‌లో నింపిస్తే మొబైల్ నంబర్ మీదే ఇవ్వండి. సెంటర్ అబ్బాయి తొందరలో తన నంబర్ కొట్టేస్తే, మెసేజ్‌లన్నీ అతనికే పోతాయి. చివర్లో వచ్చే రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో దానితోనే తెలుస్తుంది.

తర్వాత బీఎల్‌ఓ ఇంటికి వస్తారు. ఊళ్లల్లో చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే బీఎల్‌ఓ, పిల్లల పని చూసుకుంటూ దీనికీ తిరగాలి పాపం. తాళం వేసున్న ఇంటికి పదేపదే రాలేరు. పోర్టల్‌లో మీ బీఎల్‌ఓ ఎవరో చూసుకుని, మీరే ఒక ఫోన్ కొడితే పని త్వరగా అవుతుంది.

ఇల్లు మారితే ఫారం 8

అసలు చిక్కంతా ఇక్కడే. ఫారం 6 జన్మకొకసారి నింపితే చాలు. కాజీపేట నుంచి హంటర్ రోడ్డుకు మారినా, నర్సంపేట నుంచి హైదరాబాద్ ఉప్పల్‌కు మారినా నింపాల్సింది ఫారం 8. పేరు, పుట్టిన తేదీ, ఫొటో దిద్దుకోవాలన్నా, పోయిన కార్డు మళ్లీ కావాలన్నా, వైకల్యం ఉందని నమోదు చేయించుకోవాలన్నా అదే ఫారం. పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన ఆడపిల్లలకు చాలామంది మళ్లీ కొత్తగా ఫారం 6 పెట్టిస్తుంటారు. అలా చేస్తే పుట్టింట్లో ఒక ఓటు, మెట్టినింట్లో ఒక ఓటు అయి, తనిఖీలో ఏది తీసేస్తారో తెలియదు. ఫారం 8లో పాత ఎపిక్ నంబర్ ఇస్తే అదే నంబర్ కొత్త ఇంటికి వస్తుంది.

ఊళ్లో ఒకటి, పట్నంలో ఒకటి ఉంచుకోవడం మన దగ్గర మామూలైపోయింది. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఊరోళ్లు ఫోన్ చేసి రమ్మంటారు, కాదనలేం, ఆ మొహమాటం నాకూ తెలుసు. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి ఒకచోటే ఓటు. తెలిసీ తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఊళ్లో ఇల్లుంది కదా అన్నా చెల్లదు. సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని అదే చట్టం చెబుతోంది. సర్పంచ్ ఎన్నికకు వేరే నమోదు కూడా లేదు, అసెంబ్లీ జాబితా నుంచే వార్డులవారీగా లిస్టు తీస్తారు.

కాకతీయ యూనివర్సిటీ, నిట్ హాస్టళ్ల పిల్లలకు మాత్రం వెసులుబాటుంది. ఇంటి దగ్గర ఉంచుకోవచ్చు, లేదా కాలేజీ నుంచి డిక్లరేషన్ తెచ్చి హాస్టల్ చిరునామాతో పెట్టుకోవచ్చు. ఏదో ఒకటే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఫారం 6ఏ. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతో పేరు చేరుస్తారు, ఓటు వేయాలంటే మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు రావాలి. జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లల్లో ఎంతమందికి ఇది కుదురుతుందో మీకే తెలుసు.

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఫారం 7 ఇచ్చి పేరు తీయించండి.

ఎప్పుడు చేయాలి

ఎన్నికల షెడ్యూలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమే. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు. అభ్యంతరాలకు వారం రోజులు ఆగాలి కాబట్టి, ఆ గడువుకు కనీసం పది రోజుల ముందే దరఖాస్తు చేరాలి. బతుకమ్మకు అందరూ ఇల్లు చేరినప్పుడు ఒకసారి ఫోన్లు ముందేసుకుని ఇంటిల్లిపాది పేర్లు చూసుకోండి, పావుగంట పని.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం అడగండి. 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి.

పోలింగ్ రోజు కార్డు కనిపించకపోయినా, జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న పాస్‌బుక్ లాంటివి చూపి ఓటేయొచ్చు. ఇంటికి పంచే ఓటరు స్లిప్ ఒక్కటే తీసుకెళ్తే కుదరదు.

డిగ్రీ చదివినవాళ్లకు ఒక అదనపు పని. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ జాబితాకూ ఈ జాబితాకూ సంబంధం లేదు. దానికి ఫారం 18. నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. ఆ లిస్టును ఎన్నిక వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి ఓటేసినవాళ్లు కూడా మళ్లీ ఫారం నింపాల్సిందే.