ఎయిర్ ఇండియా టికెట్ కొనేముందు: ఏ విమానం, ఎవరి టికెట్, ఢిల్లీలో ఎంత సమయం

ఎయిర్ ఇండియాలో వెళ్లొచ్చినవాళ్లను అడిగితే ఒకరు సీటు కొత్తది, భోజనం బాగుంది అంటారు. మరొకరు టీవీ తెర పనిచేయలేదు, సీటు వెనక్కి వాలలేదు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే పేరు, ఒకే రంగు కింద నాలుగైదు చోట్ల నుంచి వచ్చిన విమానాలు ఎగురుతున్న సంస్థ అది. అచ్చం అతుకుల బొంత. మన వంతుకు ఏ ముక్క వస్తుందో డబ్బు కట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నుంచి ఢిల్లీ మీదుగా అమెరికా, యూరప్ వెళ్లేవారికి ఇది మరీ అవసరం.

అతుకులు ఎక్కడివి

1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. టాటా ఎయిర్‌లైన్స్ 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు మొదటి విమానం నడిపింది.

1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ప్రభుత్వం దాన్ని రెండుగా విడగొట్టింది. విదేశాలకు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్, దేశం లోపల ఇండియన్ ఎయిర్‌లైన్స్. ఈ రెండోదానిలో కలిపేసిన కంపెనీల్లో బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. అప్పటి నుంచి యాభై ఏళ్లకు పైగా ఈ రెండింటికీ వేర్వేరు విమానాలు, వేర్వేరు జీతాల లెక్కలు, వేర్వేరు యూనియన్లు. 2007లో రెండింటినీ కలిపారు గానీ కలిసింది కాగితం మీదే. కొత్తగా వస్తున్న బోయింగ్ 787ల మీద శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న గొడవ ముదిరి 2012లో పైలట్లు దాదాపు రెండు నెలలు సమ్మె చేశారు. అప్పుల సంగతి అందరికీ తెలిసిందే.

2021 అక్టోబర్‌లో టాటాల 18,000 కోట్ల రూపాయల బిడ్ నెగ్గింది. అందులో నగదు 2,700 కోట్లే, మిగిలిన 15,300 కోట్లు తలకెత్తుకున్న అప్పు. 2022 జనవరి 27న సంస్థ చేతులు మారింది. జనం ఇంకా గవర్నమెంటు విమానం అనే అంటున్నారు గానీ ఆ రోజు నుంచి అది ప్రైవేటు కంపెనీ. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి దాన్ని నిలదీద్దామనుకుంటే కుదరదు.

2024 అక్టోబర్ 1న పాత ఎయిర్‌ఏషియా ఇండియా సంస్థ, ఎయిర్ ఇండియా వారి చవక సర్వీసు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లోనూ, నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలోనూ కలిశాయి. 2023లో ఒకేసారి 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు గానీ అవి అందడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా డెల్టా, ఎతిహాద్ వాడి వదిలేసిన 777లను లీజుకు తెచ్చి నడిపారు. ఒకే రూటులో ఈ వారం ఒక రకం సీటు, వచ్చే వారం ఇంకో రకం సీటు కనిపించడం ఇందువల్లే.

నంబరు కాదు, విమానం చూడండి

బుకింగ్ పేజీలో ధర కింద సన్న అక్షరాల్లో రెండు సంగతులుంటాయి: విమానాన్ని నడిపేది ఎవరు, విమానం రకం ఏమిటి. ముందు ‘ఆపరేటెడ్ బై’ చూడండి. ‘ఏఐ’ నంబరు ఉన్నంత మాత్రాన అది ఎయిర్ ఇండియా విమానం అయి తీరాలని లేదు. కోడ్‌షేర్ ఒప్పందం కింద లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానాలూ ఆ నంబరుతో అమ్ముడవుతాయి. ‘ఐఎక్స్’ అని ఉంటే అది ఎక్స్‌ప్రెస్, చవక సర్వీసు. లగేజీ, భోజనం, రద్దు చార్జీల నిబంధనలన్నీ వేరు. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది, ఎక్స్‌ప్రెస్ లేదు. విజయవాడ నుంచి షార్జా వెళ్లేవారు ఎయిర్ ఇండియా నియమాలను చూసుకుని సంచులు సర్దితే కౌంటర్ దగ్గర ఇబ్బంది పడతారు.

తర్వాత విమానం రకం. దూర ప్రయాణాలకు టైమ్‌టేబుల్‌లో కనిపించే పొట్టి కోడ్‌లు ఇవి. ‘359’ అంటే ఎయిర్‌బస్ ఏ350-900. 2024 జనవరిలో సర్వీసులోకి వచ్చింది. బిజినెస్ 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264 సీట్లు. ఇది దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు. ‘789’ అంటే బోయింగ్ 787-9. విస్తారా నుంచి వచ్చినవాటిలో అదే వరసలో 30, 21, 248 సీట్లు, లోపల అంతా శుభ్రంగానే ఉంటుంది. ‘788’ అంటే 787-8. 2012 నుంచి వచ్చినవి, పాత అమరికలో 18 బిజినెస్, 238 ఎకానమీ, ప్రీమియం ఎకానమీ అసలే లేదు. 2025 జులై నుంచి వీటిని ఒక్కొక్కటిగా పంపి లోపలంతా మార్పిస్తున్నారు. కాబట్టి 788 అని కనిపిస్తే సీట్ మ్యాప్ తెరవండి. ప్రీమియం ఎకానమీ వరసలు కనిపిస్తే అది మార్చిన విమానం, లేకుంటే పాతది. ‘77డబ్ల్యూ’ అంటే 777-300ఈఆర్. పాత అమరికలో ఫస్ట్ క్లాస్ 4, బిజినెస్ 35, ఎకానమీ 303. తెరలు, చార్జింగ్ పాయింట్ల విషయంలో ఎక్కువ ఫిర్యాదులు పాత 777ల మీదే. వాటిలో వెళ్లేటప్పుడు సినిమాలు ఫోన్‌లోనే దింపుకుని, దాన్ని నిండా చార్జ్ చేసుకుని ఎక్కండి.

ప్రయాణం ముందు రోజు ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో రిజిస్ట్రేషన్ కూడా చూడొచ్చు. భారత్‌లో నమోదైన విమానాలన్నిటికీ ‘వీటీ’తో మొదలవుతుంది. ‘వీటీ-జేఆర్’ వరస ఏ350లది, అందులో జేఆర్‌డీ పేరు దాగుంది. ‘వీటీ-ఏఎన్’ పాత 787-8లు.

ఇంత చూసి కొన్నా చివరి నిమిషంలో విమానం మారొచ్చు. ఎక్కడో ఒకటి మరమ్మతుకు ఆగితే దాని బదులు దొరికినదాన్ని పంపుతారు. ప్రీమియం ఎకానమీ డబ్బు కట్టాక పాత 788 వస్తే ఎకానమీలో కూర్చోబెడతారు. ఇలా కింది తరగతికి దించితే 2023 ఫిబ్రవరి 15 నుంచి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం డబ్బు వెనక్కి రావాలి. దేశీయ ప్రయాణమైతే పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం. అంతర్జాతీయమైతే 1,500 కిలోమీటర్ల లోపు 30 శాతం, 3,500 లోపు 50, అంతకు మించితే 75 శాతం. కౌంటర్‌లో వోచర్ ఇస్తామంటే వెంటనే తల ఊపకండి. కింది తరగతిలో ప్రయాణించినట్టు చూపే బోర్డింగ్ పాస్‌ను దాచుకోండి.

ఒకే టికెట్ ఉండాలి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. హైదరాబాద్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–న్యూయార్క్ ఇంకో టికెట్ విడివిడిగా కొంటే మూడు నాలుగు వేలు మిగలవచ్చు. కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో టికెట్ లెక్కలో మీరు రానివాళ్లు. మళ్లీ కొనుక్కోవాల్సిందే. లగేజీదీ అదే కథ. విడి దేశీయ టికెట్ మీద తక్కువ రకం చార్జీలో 15 కిలోలే ఉచితం. ఒకే టికెట్ అయితే అమెరికా ప్రయాణానికిచ్చిన పరిమితే హైదరాబాద్ నుంచి చివరిదాకా వర్తిస్తుంది.

ఒకే టికెట్టో కాదో తెలుసుకోవడానికి పీఎన్ఆర్ ఒక్కటే చూస్తే చాలదు, 13 అంకెల ఈ-టికెట్ నంబరు చూడండి. ఎయిర్ ఇండియా జారీ చేసిన టికెట్ 098తో మొదలవుతుంది. 220తో మొదలైతే లుఫ్తాన్సా, 016 అయితే యునైటెడ్ జారీ చేసింది. తేదీ మార్చాలన్నా, డబ్బు వాపసు కావాలన్నా మామూలు రోజుల్లో టికెట్ జారీ చేసినవారినే అడగాలి, విమానం నడిపేవారిని కాదు. ట్రావెల్ ఏజెంటు ద్వారా కొంటే మధ్యలో ఇంకో గుమ్మం. అంతా ఒకే టికెట్ అయినా మొదటి విమానం ఎక్కకుండా ఢిల్లీకి రైల్లో వెళ్లి రెండోది ఎక్కుదామనుకోవద్దు. మొదటి భాగం వాడకపోతే మిగతావన్నీ వాటంతటవే రద్దవుతాయి, తిరుగు ప్రయాణంతో సహా.

ఢిల్లీలో విరామం

హైదరాబాద్ నుంచి అమెరికాకు ఎయిర్ ఇండియా నేరుగా నడిపిన రోజులున్నాయి. 2021 జనవరి 15న చికాగోకు మొదలుపెట్టారు, తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు ఢిల్లీలో మారడమే మామూలు దారి. ఎయిర్ ఇండియా అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 3 నుంచే వెళ్తాయి. 2025 అక్టోబర్ 26 నుంచి కొన్ని దేశీయ విమానాలను టెర్మినల్ 2కు మార్చి, వాటికి 1తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు ఇచ్చారు. టెర్మినల్ 2లో దిగితే పక్కనే ఉన్న 3కు నడిచి వెళ్లి మళ్లీ భద్రతా తనిఖీ దాటాలి. వీలైతే టెర్మినల్ 3లో దిగే విమానమే ఎంచుకోండి.

వెళ్లేటప్పుడు విరామం మూడు నుంచి ఐదు గంటలు ఉంచుకోండి. వెబ్‌సైట్ రెండు గంటలు కూడా చూపిస్తుంది, అది కాగితం మీద సరిపోయే లెక్క. ఢిల్లీలో ఇమిగ్రేషన్ వరస, ఆపై అమెరికా విమానానికి గేటు దగ్గర మళ్లీ పత్రాల పరిశీలన ఉంటాయి. డిసెంబర్ చివరి నుంచి జనవరి దాకా అర్ధరాత్రి దాటాక పొగమంచు పట్టి ఉదయం వరకు వదలదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయల్దేరే అమెరికా విమానానికి ముందురోజు సాయంత్రమే ఢిల్లీ చేరుకునేలా చూసుకోండి.

వచ్చేటప్పుడు పని ఎక్కువ. దేశంలోకి అడుగుపెట్టేది ఢిల్లీలో కాబట్టి ఇమిగ్రేషన్ అక్కడే. సంచులు కూడా సాధారణంగా అక్కడే బెల్టు మీద తీసుకుని, కస్టమ్స్ దాటించి, హైదరాబాద్ విమానానికి మళ్లీ అప్పగించాలి. ట్యాగ్ మీద ‘హెచ్‌వైడీ’ అని రాసుందని తీసుకోకుండా వెళ్లిపోతే సంచులు ఢిల్లీలో ఉండిపోతాయి. బయల్దేరే ఊళ్లోనే కౌంటర్‌లో ఒకసారి అడిగి రూఢి చేసుకోండి. అమెరికాలో దిగి ఇంకో ఊరికి వెళ్లేవారికీ ఇంతే, మొదటి ఊళ్లో సంచులు తీసి మళ్లీ వేయాలి.

ఇంకో మాట, ‘డైరెక్ట్’ అన్నది, ‘నాన్‌స్టాప్’ అన్నది ఒకటి కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూసుకున్నాక ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనానికి ఆగాయి. నంబరు మారదు, సీటు మారదు, గంటలు పెరుగుతాయి. ఎన్ని స్టాపులో చూడకుండా నంబరు ఒక్కటే చూసి అవతల కనెక్షన్ పెట్టుకుంటే చిక్కే.

సంచుల్లో మనవాళ్ల చిక్కులు

చెక్-ఇన్ సంచి ఒక్కోటి 32 కిలోలు దాటకూడదు, అదనపు డబ్బు కట్టినా తీసుకోరు. చేతి సంచి ఎకానమీలో 7 కిలోలు. ఎండు కొబ్బరి చెక్-ఇన్‌లో వేయకండి. నూనె వల్ల తనంతట తనే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, స్కానింగ్‌లో కనిపిస్తే సంచి తెరిపిస్తారు. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో వద్దు, అవి చెక్-ఇన్‌లోకే. రెండు కవర్లు వేసి, మూతకు టేపు చుట్టండి. మాంసం పచ్చళ్లు అమెరికా కస్టమ్స్ పారేయిస్తుంది. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే, 100 వాట్-అవర్ల లోపు.

తేడా వస్తే ఎంత అడగాలి

భారత్ నుంచి బయల్దేరే విమానాలకు డీజీసీఏ లెక్క ఇది. టికెట్ ఉండి, సమయానికి వచ్చినా సీట్లు ఎక్కువ అమ్ముకుని ఎక్కనివ్వకపోతే: గంటలోపు బయల్దేరే వేరే విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల లోపుదైతే ఒకవైపు మూల చార్జీ, ఇంధన చార్జీల మొత్తానికి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా. చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయం గంటలోపుంటే 5,000, రెండు గంటల లోపు 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా మూల చార్జీ, ఇంధన చార్జీల మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం, భద్రతా కారణాలకు ఈ పరిహారం వర్తించదు. అందుకే ఆలస్యానికి కారణం ఏమిటో కౌంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలు మించి ఆలస్యమైతే హోటల్ గది అడగవచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ లాంటి యూరోపియన్ యూనియన్ ఊళ్ల నుంచి ఢిల్లీ వచ్చే ఎయిర్ ఇండియా విమానానికి అక్కడి చట్టమూ వర్తిస్తుంది. సంస్థ తప్పు వల్ల నాలుగు గంటలు మించి ఆలస్యమైతే ఇంత దూరానికి 600 యూరోలు. ఢిల్లీ నుంచి అటు వెళ్లే విమానానికి వర్తించదు, ఇది చాలామందికి తెలియదు.

సంచి రాకపోతే బెల్టు దగ్గర నుంచి కదలకముందే ‘పీఐఆర్’ అనే ఫిర్యాదు కాగితం రాయించుకుని నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో సంచి దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. గడువు దాటితే ఎంత నష్టమైనా వినరు. సంస్థ నుంచి జవాబు రాకుంటే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో బోర్డింగ్ పాస్, పీఐఆర్, రసీదులు జతచేసి పెట్టండి. అక్కడ పెట్టేటప్పుడు పీఎన్ఆర్‌తో పాటు 098తో మొదలయ్యే టికెట్ నంబరూ రాయండి.