చామంతికి చీకటి కావాలి

మా పర్లాకిమిడి పెరట్లోని చామంతిని పక్కింటి ఒడియా ఆవిడ సేబతి అంటారు. పేరు ఏదైనా, ఏటా నర్సరీలో కొనడం నాకు గిట్టదు. మాఘంలో పూలు అయిపోగానే కాడలను జానెడు ఎత్తు ఉంచి కోసేస్తాను. మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి; వేసవంతా వాటిని జామచెట్టు నీడలో బతికించుకుంటే చాలు.

జూలైలో పిలకల కొసలు 3 అంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి, మహేంద్రతనయ నది ఇసుకలో గుచ్చుతాను. రెండు మూడు వారాలకు మెల్లగా లాగి చూడండి; బిగిసి ఉంటే వేరు పట్టినట్టే. తర్వాత ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన కుండీలోకి మార్చాలి. అడుగున చిల్లు తప్పనిసరి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

మొక్క 6 అంగుళాలు పెరగగానే తల చిగురును గోటితో గిల్లాలి. మనసు ఒప్పదు, కానీ గిల్లకపోతే ఒంటి కాడ, నాలుగు పూలు! కొత్త కొమ్మలను మరోసారి గిల్లి, సెప్టెంబరు మొదటి వారం దాటాక వాటి జోలికి పోను.

ఒక ఏడు గేటు పక్క కుండీలు గుబురుగా పెరిగాయి గానీ మొగ్గ తొడగలేదు. ఎరువు చాలలేదనుకుని ఇంకా వేశాను. తీరా చూస్తే తప్పు వీధి దీపానిది. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడవుగా, చీకటిగా ఉండాలి. కుండీలను బావి వెనక్కి మార్చిన నెలకు మొగ్గలు కనిపించాయి.

రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున చల్లండి.