ద్రావణం డికాక్షన్ రంగుకు తిరిగితే

తిరుపతిలో మా ల్యాబ్‌లో, పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను తీసేసే చిన్న సెటప్ నడుపుతున్నాను. ఈ వాయువు ఉత్త నీళ్లలో దాదాపు కరగదు. అందుకే నీళ్లలో ఫెర్రస్ ఈడీటీఏ, అంటే ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచిన ఇనుము, కలుపుతాం. అది వాయువును పట్టేసుకుని ముదురు ఆకుపచ్చగా మారుతుంది. తర్వాత పక్క జాడీలోని బ్యాక్టీరియా ఆ వాయువును మామూలు నైట్రోజన్‌గా మార్చి వదిలేస్తుంది.

మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు పొద్దున చూస్తే ద్రావణం డికాక్షన్ రంగులో ఉంది! ఒకటే టెన్షన్. బ్యాక్టీరియాకు తిండి చాలట్లేదేమోనని గ్లూకోజ్ పెంచాను. లాభం లేదు, పైగా నురగ.

అసలు దొంగ ఆక్సిజన్. అది తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్, అంటే ఆక్సీకరణ చెందిన ఇనుము, అవుతుంది; ఆ డికాక్షన్ రంగు దానిదే. ఫెర్రిక్ ఈ వాయువును పట్టుకోలేదు. దాన్ని మళ్లీ ఫెర్రస్ చేసే బ్యాక్టీరియా ఉంటుంది గానీ, గాలి ఆగకుండా వస్తుంటే పాపం అదెంతని చేస్తుంది?

పంపు ఆపి, గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బునీళ్లు రాశాను, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. పంపు పీల్చే వైపు క్లిప్పు దగ్గర సన్నగా బుడగలు! అక్కడ గాలి లోపలికి పోతోందే తప్ప చుక్క నీరు కారకపోవడంతో అటు చూడనేలేదు. ట్యూబు కొస రెండంగుళాలు కోసి కొత్త క్లిప్పు బిగించాను, గ్లూకోజ్ పాత మోతాదుకు తగ్గించాను. మర్నాడు సాయంత్రానికి ఆకుపచ్చ తిరిగొచ్చింది.